వ్రాతగదికి వన్నె

వ్రాతకో చదువుకో ఒక గదిని ప్రత్యేకించుకొనగలిగిన గృహస్థుడు, బల్ల ఏ మూలకు చేర్చవలెను, బీరువా ఏ గోడకు ఆనించవలెను, వేసవిలో గాలి ఎటునుండి వచ్చును అను విషయములను ఇంటిల్లిపాదితో దినములతరబడి చర్చించును గాని, గోడలకు వేయవలసిన రంగు ప్రస్తావనకు వచ్చునప్పటికి, దుకాణములో ఇచ్చిన రంగుల కార్డును అటునిటు త్రిప్పి, తపాలాబిళ్లకన్న పెద్దది కాని యొక ముక్కపై వ్రేలుంచి, "ఇది బాగున్నది" అని ముగించివేయును. నచ్చని బల్లను మరునాడు జరుపుకొనవచ్చును. నచ్చని గోడను అయిదారేండ్లు భరింపవలసి యుండును. పడకగది గోడను మనము చూచునది కొంచెము. వంటింటి గోడను చూచునంత తీరిక వంటచేయువారికి ఉండదు. వ్రాతగది గోడ మాత్రము, తరువాతి వాక్యము తోచక తల యెత్తినప్పుడెల్ల, కంటికి ఎదురుగా నిలిచియుండును.

మా విజయవాడ ఇంటిలో ఆ గదికి ఈ మధ్య రంగు మార్పింపవలసి వచ్చినప్పుడు, హితవు చెప్పువారికి కొదువ కలుగలేదు. నీలము ఏకాగ్రత నిచ్చుననియు, ఆకుపచ్చ ప్రశాంతి నిచ్చుననియు, పసుపు క్రొత్త ఊహలను పుట్టించుననియు, ఎరుపు రక్తమును ఉడికించుననియు ఒక మిత్రుడు, మందులచీటి వ్రాసియిచ్చు వైద్యునివలె, వరుసగా చెప్పుకొనిపోయెను. రంగునకొక మనోభావమును ముడివేయుట మన కాలపు నిపుణులు కనిపెట్టిన విద్య కాదు. భరతముని నాట్యశాస్త్రము ఆరవ అధ్యాయములో ఎనిమిది రసములకు ఎనిమిది వర్ణములను నియమించెను: శృంగారమునకు శ్యామము, హాస్యమునకు తెలుపు, రౌద్రమునకు ఎరుపు, వీరమునకు గౌరము, అద్భుతమునకు పసుపు, భయానకమునకు నలుపు. ఇక నీలమో, బీభత్సమునకు! కరుణమునకు కపోతవర్ణము, అనగా పావురపు బూడిదరంగు. ఈ పట్టికను చేతబట్టుకొని హైదరాబాదులో మాదాపూరు అద్దాలమేడలలోనికి పోయినచో, నీలపు గోడలును బూడిదరంగు తివాచీలును కలిసి అచ్చటి ఉద్యోగులను ఏ రసములయందు ముంచుచున్నవో నేను చెప్పనక్కరలేదు. మునిని ఆక్షేపించుటకు అన్నమాట కాదిది. ఆయన రంగస్థలమును దృష్టియందుంచుకొని ఒక సంకేతమును ఏర్పరచెను. దానిని సంకేతముగా చెప్పెను గాని ఔషధముగా చెప్పలేదు.

ఔషధముగా చెప్పినవారు తరువాత వచ్చిరి. 1979లో అమెరికాలోని సియాటిల్ నగరమున నౌకాదళపు నిర్బంధశాలలో ఒక గదికి ముద్దగులాబీరంగు పూసి, అందుంచినవారి ఉద్రేకము కొలది నిమిషములలోనే చల్లారుచున్నదని ప్రకటించిరి; శాలాధికారులిరువురి పేర్లు కలిపి ఆ రంగునకు బేకర్-మిల్లర్ గులాబి అని నామకరణము చేసిరి; మరికొన్ని కారాగారములు అనుకరించినవి; పిమ్మట జాగ్రత్తగా జరిపిన పరీక్షలలో ఆ మహిమ నిలువలేదు. 2009లో 'సైన్స్' పత్రికయందు మెహతా, జూ అను ఇరువురు పరిశోధకులు, ఎరుపు సూక్ష్మపరిశీలనకును నీలము నూతనకల్పనకును తోడ్పడునని వ్రాసిరి గాని, వారు ముఖ్యముగా పరీక్షించినవి గోడలు కావు, కంప్యూటరు తెరపై అక్షరముల వెనుకనుండు రంగులు. ఆ పరీక్షను మరల చేసి చూచినవారికి ఆ ఫలితము దొరకకపోవుటయు జరిగినది. కాబట్టి రంగు మనస్సును ఏమి చేయును అను ప్రశ్నను ప్రక్కకు పెట్టి, కంటిని ఏమి చేయును, వెలుతురును ఏమి చేయును అని ముందు విచారించుట మేలని నాకు తోచినది. తలనొప్పి లేనివాని మనస్సు తన త్రోవ తాను చూచుకొనును.

కంటిని ఎరిగి రంగు నెంచినవాడు హ్యారీ షెర్మన్ అను శాన్ ఫ్రాన్సిస్కో శస్త్రవైద్యుడు. తెల్లదనమే శుభ్రతకు చిహ్నమని అందరును భావించుచున్న 1914లో ఆయన తన ఆపరేషను గదికి పాలకూర పచ్చదనమును వేయించెను. రక్తమాంసములయందే చూపు నిలిపి చాలసేపు పనిచేసిన వైద్యుడు తల యెత్తి తెల్లగోడను చూచినచో, ఎరుపునకు విరుద్ధవర్ణమైన పచ్చని ఛాయలు కన్నులముందు తేలియాడును. గోడయే పచ్చనిదైనచో ఆ ఛాయలు అందులో కలిసిపోవును, ఎరుపులోని సూక్ష్మభేదములను గుర్తించు శక్తియు కంటికి తగ్గదు. పనిచేయువాడు దేనిని చూచుచుండును, తల యెత్తినప్పుడు వానికి ఏది కనబడవలెను అని ఆయన అడిగిన తీరు నాకు నచ్చినది. పాలకూరతో నాకు పని లేదు. నేను దినమంతయు చూచునది తెల్లకాగితముపై నల్లని అక్షరములను, లేదా ఇంచుక నీలము కలిసిన తెల్లని కంప్యూటరు తెరను.

అయితే గోడకు తనదైన వెలుతురు లేదు గనుక, ముందు కిటికీ సంగతి చూడవలెను. గృహాలంకరణమును గూర్చిన గ్రంథములలో అధికభాగము ఐరోపాలోనో అమెరికాలోనో పుట్టినవి. ఉత్తరపు కిటికీగల గదిలో ఏడాది పొడవునను చల్లని, నిలుకడైన వెలుతురుండుననియు, అందుచేత అట్టి గదికి వెచ్చని పసుపు, గోధుమ వన్నెలు వేయవలెననియు అవి బోధించును. విజయవాడ భూమధ్యరేఖకు సుమారు 16½ డిగ్రీల ఉత్తరమున నున్నది. మే మొదటివారము మొదలు ఆగస్టు మొదటివారము వరకు మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరమునకు ఒరుగును; మార్చి చివరినుండి సెప్టెంబరు చివరివరకు ఉదయాస్తమయములు ఈశాన్య వాయవ్యముల వైపునకు జరిగి, ఏటవాలు ఎండను ఉత్తరపు కిటికీలోనికి త్రోయును. రోహిణికార్తెలో ఆ కిటికీప్రక్కన బల్ల వేసికొని సాయంకాలము వ్రాసినవానికి, ఆ గ్రంథములు చెప్పిన చల్లని వెలుతురు ఎట్టిదో బాగుగా తెలియును. మా గది కిటికీ ఉత్తరమునకే యున్నది. అట్టి గదికి పసుపు పూయుట ఎండకు ఎండను చేర్చుటయే.

పగలు ఒక రంగైన గోడ మాపటికి మరియొకటి యగును. మసకచీకటిలో ఎరుపు ముందుగా నల్లబడుననియు, నీలము, ఆకుపచ్చ చాలసేపు నిలుచుననియు చెక్ దేశపు శరీరశాస్త్రజ్ఞుడు పుర్కిన్యే 1825లో వ్రాసెను; మా పెరటి మందారపు పువ్వు తన ఆకులకన్న ముందు చీకటిలో కలిసిపోవుట చూచినచో అది నిజమని తెలియును. దీపము వెలిగించిన పిమ్మట కథ మరల మారును. పాతకాలపు బల్బు పసుపుదనము నీలపు గోడను బూడిదగా చేయును. ట్యూబులైటు వెలుగు క్రింద మీగడరంగు పాలిపోవును. ఉదయము వ్రాయువాడును రాత్రి వ్రాయువాడును ఒకే కార్డును చూచి ఒకే రంగు నెంచుకొన్నను, ఇరువురకును దక్కు గోడలు వేరు.

వన్నె యెంత ముఖ్యమో, పడిన వెలుతురులో ఎంతపాలు గోడ తిరిగి యిచ్చుననునది అంతకన్న ముఖ్యము. పనిచేయు గదుల వెలుతురును గూర్చిన 2002 నాటి అంతర్జాతీయ ప్రమాణములో పైకప్పు నూటికి 60 నుండి 90 పాళ్లు, గోడ 30 నుండి 80, నేల 10 నుండి 50 పాళ్లు తిరిగి యీయవలెనని చెప్పబడినది. అనగా వెలుగు పైన హెచ్చుగను క్రింద తక్కువగను ఉండవలెను. ఆకాశము క్రింద భూమిపై తిరుగు మనుష్యుని కన్ను అలవాటుపడినదియు ఆ వరుసకే. మన పెద్దలు ఏ ప్రమాణపత్రమును చదువకయే గోడలకు సున్నము, గోడ మొదలున జాజు పట్టె, నేలకు పేడ అలుకు ఏర్పరచి ఆ వరుసను పాటించిరి.

సున్నమును గూర్చి ఇంకను చెప్పవలెనని యున్నది. సంక్రాంతికి ముందు గోలెములో నీళ్లు పోసి కాల్చిన సున్నపురాయిని వేయగానే అది బుసబుసలాడుచు ఉడుకుట, పిల్లలమైన మేము దూరముగా నిలిచి చూచుట, చల్లారిన సున్నమును గోనెగుడ్డతో వడియగట్టి తుమ్మబంక కలుపుట, ఇవన్నియు ఎరిగినవారు నేడు తగ్గుచున్నారు. వేసిన దినమున ఆ పూత మాసినట్లే యుండును. ఆరిన కొలది, గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చి తిరిగి రాయిగా మారుచు, నాలుగు దినములలో తెల్లబడును. అందులో నీలిమందు కొంచెము కలుపుట ఇంటి ఇల్లాలి నేర్పు. నీలము సున్నములోని పసుపుజాడను చంపివేయును; గోడ తిరిగి యిచ్చు వెలుతురు నిజమునకు కొంచెము తగ్గును గాని, కంటికి మాత్రము తెలుపు హెచ్చినట్లే తోచును. ఎంత కలుపవలెనో చెప్పు కొలత లేదు. చేయి జారినచో ఆ సంక్రాంతికి ఇల్లంతయు ఆకాశమే. అన్నిటికన్న పెద్ద సుగుణము, సున్నపు గోడకు మెరుపు లేకుండుట. నేటి ఖరీదైన నిగనిగల పూత దీపపు ప్రతిబింబమును పట్టి చూపును, వ్రాయువాని చూపు క్షణక్షణమును దానివైపు పరుగెత్తును. ఆనుకొన్నవాని చొక్కాకు సున్నమంటును, నిజమే. వ్రాయుటకు కూర్చుండినవాడు గోడకు ఆనుకొననేల?

ఆనుకొనువారి కొరకు సర్కారువారు వేరొక ఉపాయము కనిపెట్టిరి. తాలూకా కచ్చేరీలలో, పాత ఆసుపత్రులలో నిలువెత్తు మనిషి భుజములదాక ముదురాకుపచ్చ ఆయిల్ పెయింటు, ఆ పైన డిస్టెంపరు, రెంటి నడుమ నల్లని గీత. తలనూనె, చేతిమురికి, కుర్చీ వీపు రాపిడి తగులునంత మేర కడుగుటకు వీలైన పూత వేసినారు. ఆ వివేకమును మెచ్చుకొనవలసినదే; ఆ పచ్చదనమును మాత్రము ఎవ్వరు ఎంచిరో గాని, దానిని చూడగానే నాకు దరఖాస్తు వ్రాయవలెననిపించును.

అట్లని నాలుగు గోడలకును శుద్ధశ్వేతము పూయుదమన్నచో, ఎండ పడిన తెల్లగోడ కాగితముతో పోటీపడి కన్నును చికాకుపరచును. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్టను ఒట్టి తెలుపుగా ఉండనీయరు. కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరవేసి, బెల్లము, ఇనుపముక్కలు ఊరవేసిన కసిముతో ఆ పాలపసుపు నేలపై నల్లని గీతలు గీయుదురు. గీత నిలుచుటకును, రంగు పాకకుండుటకును వారు చేయు ఏర్పాటది. కంటి సుఖము కోరి చేసినది కాదు. ఐనను ఆ నల్లగీత ఎంత స్ఫుటముగను ఎంత మెత్తగను కనబడునో చూచినవారికి శుద్ధశ్వేతముపై మమకారము కొంత తగ్గును.

ఇన్ని చదివి, ఇంత విచారించి, నేను కార్డులో ఒక బూడిదపచ్చను చూపగా, మా రంగుల మేస్త్రి లప్పము పెట్టుచున్న చేయి ఆపి, "కార్డు మీద చూసి ఖాయం చెయ్యకండి బాబుగారూ. గోడకెక్కితే అది ఇంకో రంగవుద్ది. బారెడు మేర వేసి చూపిస్తాను. పొద్దున ఓసారి, మధ్యాహ్నం ఓసారి, లైటేసి ఓసారి చూసుకోండి" అనెను. పారిస్ నగరపు గోబెలిన్ నేతశాలలో అద్దకమునకు అధిపతియైన షెవ్రల్, నల్లదారము నల్లగా లేదను నేతగాండ్ర ఫిర్యాదును విచారించి, దారములో లోపము లేదనియు, ప్రక్కనున్న నీలపు, ఊదా దారములే దానిని వెలవెలబోవజేయుచున్నవనియు గ్రహించి, 1839లో మహాగ్రంథమును వెలువరించెను. మేస్త్రి ఆ గ్రంథమును చూచియుండడు. కార్డుపై ఒక రంగుప్రక్క మరియొక రంగు, వాని చుట్టు తెల్లని అట్ట. గోడపై ఆ రంగుప్రక్క ఆ రంగే. పైగా ఎదురెదురు గోడలు ఒకదాని వన్నెను ఒకదానిపై విసరుకొని, ముఖ్యముగా మూలలయందు, దానిని చిక్కబరచును. అందుచేత కార్డులో నచ్చినదానికన్న ఒక మెట్టు లేతదానిని తీసికొమ్మని అతడు చెప్పెను; నేను తీసికొంటిని.

చివరకు కుదిరిన ఏర్పాటిది. పైకప్పునకు తెలుపు. బల్లకు ఎదురుగోడకును ప్రక్కగోడలకును మెరుపులేని లేత బూడిదపచ్చ, పడిన వెలుతురులో ఇంచుమించు సగము తిరిగి యిచ్చునది. కాగితముకన్న ముదురు, అక్షరముకన్న చాల లేత. నా వీపు వెనుక గోడకు మాత్రము చిక్కని జాజురంగు. వ్రాయునప్పుడు అది నాకు కనబడదు, వచ్చినవారికి కనబడును, అంతకుమించి, వెనుకగోడ తెల్లనిదైనచో దాని వెలుగంతయు కంప్యూటరు తెరపై పడి అక్షరములను మాపును, జాజుగోడకు ఆ దోషము లేదు. మందులచీటి మిత్రుడు వచ్చి చూచి, రౌద్రమును వీపున పెట్టుకొని కూర్చుంటివే అనెను. ఎదుట నుండుటకన్న అది నయమని చెప్పితిని.

మొదటి పూత ఆరిన వారమునకే ఉత్తరపు పొరుగువారు తమ గోడకు నారింజరంగు వేయించిరి. శీతకాలమున సూర్యుడు దక్షిణమున నడచుచు వారి గోడపై తిన్నగా పడును, ఆ వెలుగు మా కిటికీలోనుండి వచ్చి నా బూడిదపచ్చపై వ్రాలి, దానిని మధ్యాహ్నమునకు మట్టిరంగుగా చేయుచున్నది. మేస్త్రి చూచి, "మీ గోడేం మారలేదండి, వాళ్ల గోడే మీ ఇంట్లోకొచ్చింది" అని, రెండవ పూతలో నీలపు స్టెయినరు నాలుగు చుక్కలు హెచ్చు వేసెదననుచున్నాడు. అది శీతకాలమునకు సరిపోవును గాని, వేసవిలో సూర్యుడు ఉత్తరమునకు జరిగి వారి గోడను విడిచిన పిమ్మట నా గోడ మరీ నీలించును. కిటికీకి కోరా ఖద్దరు తెర కట్టించుట మేలని నా అభిప్రాయము. మేస్త్రికి స్టెయినరే ఇష్టము. డబ్బా మూత ఇంకను తీయలేదు.