ఒప్పుకోలులోని 'మేము'

ఆరాధనకు ముందు హృదయాన్ని సిద్ధపరచుకోవడం క్రైస్తవునికి ఏకాంత సాధన అని సాధారణంగా భావిస్తారు. కాని సంఘమంతా ఏకకంఠంతో చేసే పాపపు ఒప్పుకోలు ఆ సిద్ధపాటును సామూహిక క్రియగా మలచింది. ఇంగ్లండు సంఘపు ప్రార్థన గ్రంథం 1549లో వెలువడినప్పుడు ఉదయారాధన ప్రభువు నేర్పిన ప్రార్థనతో ఆరంభమయ్యేది. 1552 నాటి సవరణలో దానికి ముందు సామాన్య ఒప్పుకోలు చేరింది. అయితే ప్రభు భోజన క్రమంలో మాత్రం ఒప్పుకోలు వాక్యపఠనం, ప్రసంగం ముగిసిన తరువాతే వచ్చేది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం 1950లో వెలువరించిన ప్రభు భోజన క్రమం దానిని ఆరంభంలోని 'సిద్ధపాటు' భాగానికి తెచ్చింది. బల్లను సమీపించడానికే కాక, వాక్యం వినడానికి సైతం వినయం అవసరమని ఈ మార్పు సూచిస్తున్నది.

ఈ ప్రార్థన తెలుగులోనికి వచ్చినప్పుడు ఇంగ్లీషులో లేని ఒక సూక్ష్మత దానికి అబ్బింది. ఇంగ్లీషు సర్వనామం గాని, హిందీ 'హమ్' గాని చూపలేని భేదాన్ని తెలుగు, తమిళ, మలయాళ భాషలు పాటిస్తాయి. సంఘాన్ని ఒప్పుకోలుకు ఆహ్వానించే గురువు 'మనము' అంటాడు; ఆ మాటతో తానూ దోషుల వరుసలో నిలుస్తాడు. దేవునితో మాట్లాడే క్షణంలో అదే సమూహం 'మేము' అవుతుంది. వింటున్నవాడు ఆ దోషంలో భాగస్వామి కాడని వ్యాకరణమే అంగీకరిస్తున్నది. వినయం ఇక్కడ భావం మాత్రమే కాదు, వాక్య నిర్మాణం కూడా.

అయినా బహువచనం ఒక్కొక్కప్పుడు దాగుకొనే చోటు అవుతుంది. అందరి పాపంలో తన పాపం కలిసిపోతే ఎవరి పెదవులూ వణకవు. ఈ లోటును తెలుగు క్రైస్తవ కీర్తన కొంత పూరించింది. పర్లాకిమిడి ప్రాంతీయుడైన పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి వాగ్గేయకారులు పల్లవి, చరణాల సంప్రదాయాన్ని స్వీకరించి, భక్తుణ్ణి ప్రభువు ఎదుట ఒంటరిగా నిలిపే గానానికి బాట వేశారు. ప్రతి చరణం తరువాత పల్లవికి మరలి రావడంలో, ఒకసారి చెప్పి ముగించలేని పశ్చాత్తాపానికి తగిన రూపం దొరికింది.

ఏకవచనమూ నిరపాయకరం కాదు. లూకా సువార్త 18వ అధ్యాయంలోని ఉపమానంలో పరిసయ్యుడు, సుంకరి ఇద్దరూ తమను గురించే మాట్లాడతారు. మొదటివాడు ఇతరుల నుండి తనను వేరు చేసుకొంటాడు. రెండవవాడు దూరంగా నిలిచి కరుణ మాత్రమే కోరుతాడు. భేదం సర్వనామంలో లేదు, పొరుగువాణ్ణి చూసే చూపులో ఉన్నది.

చరిత్ర అడిగే ప్రశ్న కూడా ఇదే. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ సంఘంలో కులభేదాలను విడనాడాలని ఆదేశించినప్పుడు, తంజావూరు ప్రాంతంలో అనేకులు సంఘం నుండి తొలగిపోయారు. కలిసి కూర్చోవడం, ఒకే పాత్ర నుండి పానం చేయడం వారికి దుస్సహమైనాయి. 'మేము పాపులము' అని పలికిన నోళ్లకు ఆ 'మేము'లో పక్కవాడు ఉన్నాడని అంగీకరించడం కష్టమైంది. దేవుణ్ణి మినహాయించవలసిన సర్వనామం మనిషిని మినహాయించింది.

బలిపీఠం వద్ద అర్పణను విడిచి, ముందు సహోదరునితో సమాధానపడుమన్న మత్తయి సువార్త 5వ అధ్యాయపు బోధ ఈ వైరుధ్యాన్ని ముందే గుర్తించింది. ఆ బోధ ప్రకారం సిద్ధపాటు ఆలయం లోపలే పూర్తి అయ్యేది కాదు. ఆలయం విడిచి పొరుగువాని గడప వరకు నడవవలసినది. ప్రార్థన గ్రంథం మాటలను సమకూర్చగలదు, మోకాళ్లను వంచగలదు. కాని ఆ నడక నడిచిపెట్టలేదు. ఒప్పుకోలుకు ముందు పాటించే కొద్దిపాటి మౌనానికి అందువల్లనే విలువ. తన 'మేము'లో ఎవరికి చోటు లేకుండా పోయిందో ఆరాధకుడు లెక్క చూసుకోవలసిన సమయం అది.