చట్టం చెప్పే కథలో రైతు ఎవరు?

నిరుడు డిగ్రీ తరగతిలో కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’ పాఠం చెబుతున్నాను. అప్పల్రాముడి అప్పు తగవు శ్రీరాములునాయుడి ముందుకు వచ్చిన ఘట్టం అది. సుందరపాలెంలో ధర్మం తప్పినట్టు కనిపించే పెద్దమనిషి ఎవడూ లేడనీ, తగవు న్యాయబద్ధంగా నడుస్తూనే ఒక కుటుంబాన్ని బానిసత్వంలోకి నెట్టుతున్నదనీ, ఆ కథలోని భయంకర సత్యం అదేననీ వివరించాను. వెనుక వరుసలోంచి ఒక విద్యార్థి లేచి, “అప్పల్రాముణ్ణి పంచాయతీ పేరుపెట్టి పిలిచింది మాస్టారూ! మా నాయన ఇరవై ఏళ్లుగా కౌలు చేస్తున్నాడు. ఏ కాగితంలోనూ ఆయన పేరు లేదు” అన్నాడు.

పాఠం అక్కడ ఆగిపోయింది. ఆ మాటకు జవాబు వెతుక్కోవడానికే ఈ వ్యాసం.

చట్టాలను వ్యాఖ్యానించడం వకీళ్ల పని, సాహిత్య విమర్శకుడికి అక్కడేమి పని అని కొందరు అడగవచ్చు. చట్టం కూడా ఒక రచనే. దానికీ వస్తువున్నది, పాత్రలున్నవి, అన్నిటికంటె ముఖ్యంగా దృక్పథమున్నది. ఎవరి కళ్లతో చూసి కథ చెబుతున్నావని నవలాకారుణ్ణి అడిగే మనం, శాసనకర్తను మాత్రం ఎందుకు అడగకూడదు?

‘రైతు’ అన్న మాటనే తీసుకొందాం. అరబ్బీ మూలంలో దానికి ఏలుబడిలోని ప్రజ అని అర్థం. తెలుగువాడి నోట అది సేద్యం చేసేవాడైంది. చట్టంలో మాత్రం అది చాలామటుకు పట్టా గలవాడి దగ్గరే ఆగిపోయింది. 1802 నాటి శాశ్వత శిస్తు పద్ధతి జమీందారును భూమికి యజమానిని చేసింది. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల చట్టం జమీందారు కింది రైతుకు సాగు హక్కు ఇచ్చింది. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. ఇవి చిన్న విజయాలు కావు; వాటి వెనుక ఎందరో రైతుల పోరాటమున్నది. ఐతే హక్కు ఒక్కొక్క మెట్టే దిగి వచ్చి, దున్నేవాడికి ఒక్క మెట్టు పైన నిలిచిపోయింది. పట్టా పొందిన రైతు కింద కౌలు చేసేవాడు ఎక్కడివాడక్కడే ఉన్నాడు.

అతని కోసం చట్టాలు లేకపోలేదు. 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టమూ, దానికి 1974లో వచ్చిన సవరణా కౌలుకు రాతపత్రం ఉండాలన్నవి, ఆరేళ్ల గడువు ఉండాలన్నవి. భూయజమానులు రాయడమే మానుకొన్నారు. కౌలు నోటిమాటగా మారింది. 2011లో రుణార్హత కార్డుల చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం, 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం కావాలన్నది. శీర్షికలో హక్కు సాగుదారుది. కలం మాత్రం యజమాని చేతిలో ఉన్నది.

తెలంగాణా అనుభవమూ ఇటువంటిదే. సాయుధ పోరాటపు వేడిలో వచ్చిన 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం ‘రక్షిత కౌలుదారు’ను గుర్తించింది. అదే గడ్డమీద 2018లో మొదలైన రైతుబంధు, ఎకరానికి పంటకాలానికి 4,000 రూపాయలు పట్టాదారుకు ఇచ్చింది. పట్నంలో కాపురముండి పొలం ముఖం చూడనివాడికీ ఇచ్చింది, కౌలుదారుకు ఇవ్వలేదు. ఆ ఏడే వచ్చిన రైతుబీమా కూడా పట్టానే చూసింది. అప్పుల పాలై ప్రాణం తీసుకొన్న కౌలుదారు ఆ లెక్కలో రైతు కాలేదు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పకపోతే ఈ విమర్శ నిజాయితీ గలది కాదు. కోస్తాలో మా అమ్మ పేర రెండెకరాల మాగాణి ఉన్నది. నాన్న పోయిన తరువాత దాన్ని కౌలుకిచ్చాం. 2019లో మొదలైన కేంద్రప్రభుత్వపు కిసాన్ సమ్మాన్ నిధి కింద ఏడాదికి 6,000 రూపాయలు అమ్మ ఖాతాలో పడ్డవి. మా కౌలుదారు సాగుదారు కార్డు కాగితం తెచ్చి, “అమ్మగారి సంతకం ఉంటే బ్యాంకులో పంటరుణం అడుగుతాను బాబూ” అన్నాడు. “చూద్దాంలే” అన్నాను. యజమాని హక్కుకు భంగం లేదని ఆ చట్టంలోనే ఉన్నదని తెలిసి కూడా, బంధువుల మాట విని జంకాను. ఆ ఏడు ఆయన నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి నాట్లు వేశాడు. ‘యజ్ఞం’ పాఠం చెప్పే నేను శ్రీరాములునాయుడికి ఎంత దూరంలో ఉన్నాను? ఆ రోజు తరగతిలో నా నోరు పెగలకపోవడానికి కారణం ఇదే.

మరుసటి ఏడు సంతకం పెట్టించాను. ఆయన ఎంతో కృతజ్ఞతతో దండం పెట్టాడు. ఆ దండమే నన్ను ఎక్కువ బాధించింది. నా మంచితనం మీద ఆధారపడి వచ్చినదాన్ని హక్కు అని ఎట్లా అనగలం? అది దయ. రేపు నా మనసు మారితే అదీ ఉండదు.

కొద్దిపాటి భూమి గల యజమానుల భయం పూర్తిగా అబద్ధమని నేననను. వృద్ధులూ, వితంతువులూ కౌలు మీదనే బతుకుతున్నారు. ఆ భయాన్ని పోగొట్టే బాధ్యత ప్రభుత్వానిది. దాని మూల్యం కౌలుదారు చెల్లించడం ఏమి న్యాయం? 1978లో పశ్చిమ బెంగాల్‌లో మొదలైన ఆపరేషన్ బర్గాలో అధికారులు పల్లెలకు పోయి, ఊరివారి ఎదుట విచారించి, పాలికి సాగుచేసేవారి పేర్లు రాసుకొన్నారు. 14 లక్షలకు పైగా పేర్లు రికార్డుకెక్కినవి. అక్కడ కలం కదలడానికి సంఘటితమైన రైతు ఉద్యమం కారణం. 2007 నాటి జాతీయ రైతు విధానం కౌలుదారునూ, వ్యవసాయ కూలీనీ కూడా రైతు నిర్వచనంలో చేర్చింది. నిర్వచనం దొరికింది, దాన్ని పొలం గట్టు దాకా నడిపించే బలం మాత్రం కాగితంలో ఉండదు.

మన సాహిత్యం కూడా ఈ విషయంలో నిర్దోషి కాదు. రైతు ఆత్మహత్యల మీద ఎన్నో కథలు, కవితలు వచ్చినవి. మబ్బు మోసాన్నీ, నకిలీ విత్తనాన్నీ వర్ణించినవి అనేకం. ఆ నేల ఎవరి పేర ఉన్నదని అడిగినవి కొద్ది. మబ్బును నిందిస్తే ఎవరికీ కోపం రాదు గదా! రామారావుగారు ఆ సులువు దారి పట్టలేదు. తగవులో ప్రతివారి వాదమూ ఓపికగా వినిపించి, తీర్పు వెనుకనున్న ఆస్తి సంబంధాన్ని పాఠకుడి ముందు నిలబెట్టారు. నేటి రచయిత అలవరచుకోవలసిన వాస్తవికత అది.

విద్యార్థులకూ ఉపాధ్యాయ మిత్రులకూ ఒక చిన్న పని సూచిస్తున్నాను. సెలవుల్లో మీ ఊరికి వెళ్లినప్పుడు ఏ పొలం ఎవరు దున్నుతున్నారో ఒక పుస్తకంలో రాయండి. దాన్ని గ్రామసభలో పైకి చదవండి. మా ఊరి పుస్తకంలో మొదటి పేరు నేనే రాస్తాను: మా రెండెకరాలూ దున్నే ఆయన పేరు.