డాక్టరు గారు మళ్ళీ పరీక్ష ఎందుకు చేయించుకోలేదు?

టెలివిజన్ ధారావాహికల గురించి మన సాహిత్య పత్రికల్లో చర్చ దాదాపు లేదు. ఉన్న కాస్తా "ఆడవాళ్ళ కాలక్షేపం, ఏడుపుగొట్టు వ్యవహారం" అనే ఈసడింపుతో ముగుస్తుంది. బుర్రకథనూ వీధి నాటకాన్నీ అక్కున చేర్చుకున్న ఉద్యమానికి వారసులమని చెప్పుకునే మనం, లక్షలాది కుటుంబాలు రోజూ రాత్రి కూర్చుని చూసే కథలను విమర్శకు అనర్హమని తోసిపుచ్చడంలోని ఔచిత్యం ఏమిటో నాకు బోధపడదు. చూసేవాళ్ళు బుర్ర లేకుండా చూస్తున్నారని మనం అనుకుంటున్నాం. వాళ్ళు మాట్లాడుకునేది మనం వినకపోవడమే అందుకు కారణం.

'కార్తీక దీపం' సంగతే తీసుకుందాం. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా స్టార్ మాలో 1,500కు పైగా భాగాలు వచ్చిన ధారావాహిక ఇది. మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు' దీనికి మూలం. చాలాకాలం తెలుగు ధారావాహికలన్నిటిలోకీ దీనికే ఎక్కువ ఆదరణ ఉండేది. కథ తెలిసిందే. నల్లని పిల్ల దీపను డాక్టర్ కార్తీక్ ఇష్టపడి పెళ్ళి చేసుకుంటాడు. అతణ్ణి కోరుకుంటున్న మరో డాక్టరు మోనిత, అతనికి తండ్రయ్యే అవకాశం లేదని నమ్మిస్తుంది. దీప గర్భవతి అవుతుంది. కార్తీక్ ఆమెను అనుమానిస్తాడు. ఆమె ఇల్లు విడిచి, వంట చేసుకుంటూ బిడ్డను పెంచుతుంది. కవలల్లో రెండో బిడ్డ, తన బిడ్డేనని తెలియకుండానే, కార్తీక్ ఇంట్లో పెరుగుతుంది. అనుమానం మాత్రం వందలాది భాగాల పాటు అలాగే ఉంటుంది.

ఆ రోజుల్లో మా పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ఒకసారి నన్ను నిలదీసినట్టే అడిగింది. "ఆయన డాక్టరే గదా మేస్టారూ, ఇంకో ఆసుపత్రికి పోయి ఇంకోసారి పరీక్ష చేయించుకోడేం?"

కథాసంవిధానంలోని కార్యకారణ సంబంధం గురించి ఎం.ఏ.లో మేం నేర్చుకున్నదంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. స్టాఫ్ రూములో ఇదే మాట ఎత్తితే మిత్రులు నవ్వి, "పరీక్ష చేయించుకుంటే సీరియల్ అయిపోతుంది కదండీ" అన్నారు. అది నిజమే. రోజువారీ ధారావాహిక రాసేవాడికి కథ ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. ఆదరణ ఉన్నంతకాలం సాగాలి, అది తగ్గితే మలుపు తిప్పాలి. ప్రకటనల సొమ్ము మీద నడిచే ఈ సరుకులో ముడి విడిపోవడమంటే అంగడి మూసుకోవడమే. కారణంలోంచి కార్యం పుట్టవలసిన చోట, రేపటి భాగం కోసం ఇవాళ కారణాన్ని వెతుక్కుంటారు. 2022లో కార్తీక్, దీపలను కారు ప్రమాదంలో చంపేసి, కొన్ని నెలలకే మళ్ళీ బతికించి తీసుకురావడానికి వాళ్ళ జీవితాల్లో ఏ కారణమూ లేదు. చూసేవాళ్ళు తగ్గారు, అంతే.

అయితే చర్చ ఇక్కడితో ఆగిపోతే మనం చేసింది ఆర్థిక వివరణే తప్ప సాహిత్య విమర్శ కాదు. నమ్మశక్యం కాని సంఘటన ఉన్నంత మాత్రాన ఏ రచనా చెడిపోదు. 'కన్యాశుల్కం'లో కరటకశాస్త్రి మగపిల్లవాడికి ఆడవేషం వేసి లుబ్ధావధానులుకు పెళ్ళికూతురుగా అంటగడతాడు. విడిగా చెబితే ఎవరు నమ్ముతారు? నాటకంలో మాత్రం వందేళ్ళు దాటినా ఎవరికీ సందేహం రాలేదు. లుబ్ధావధానులు పరమ లోభి. ముందు కుదిరినదాని కంటే ఈ సంబంధం చవక. పైగా ఆ పెళ్ళి బేరంలో పిల్ల ధర చూస్తారే గాని పిల్లను ఎవరు చూస్తారు? పిల్లను మనిషిగా చూడని వ్యవస్థలో పిల్లకు బదులు పిల్లవాడు కూర్చున్నా గుట్టు బయటపడదు. వింత సంఘటనకు గురజాడ సమాజంలోంచే ఆధారం తెచ్చాడు. ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో, వివరాలు నిజంగా ఉంటే చాలదనీ, ప్రాతినిధ్యం వహించే పాత్రలను వాటిని నడిపించే పరిస్థితుల్లో నిలబెట్టాలనీ చెప్పిన మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

ఈ కొలబద్దతో డాక్టర్ కార్తీక్‌ను చూడండి. మన ఇళ్ళలో పిల్లలు కలగకపోతే మొదట ఆసుపత్రి మెట్లెక్కేది భార్యే. తనలో లోపం ఉందేమోనంటే మగవాడు మండిపడతాడు, పరీక్షకు రావడమే నామోషీ అనుకుంటాడు. కార్తీక్ మాత్రం తనలో లోపం ఉందన్న మాటను ఇట్టే ఒప్పుకుంటాడు. నామోషీ అనుకోడు, రెండో అభిప్రాయం అడగడు. చదువుకున్న డాక్టరు, ఆధునికుడు, నల్లపిల్లను కోరి చేసుకున్నవాడు, భార్య మాటను నమ్మడం కంటే తన లోపాన్ని నమ్మడం తేలికనుకుంటున్నాడు. ఇంత బలమైన పాత్రకు బీజం ఈ మధ్య నేను చదివిన కథల్లో కూడా కనిపించలేదు. విజ్ఞానశాస్త్రం చదివి కూడా శీలపరీక్ష దగ్గరికి వచ్చేసరికి త్రేతాయుగానికి వెళ్ళిపోయే మగవాళ్ళను మనం ఎంతమందిని చూడలేదు!

ఆ మాటే వంట ఆవిడతో నేను వేరే విధంగా చెప్పబోయాను. ఆవిడ గిన్నె తోముతూ, "చేయించుకుంటే ఆయనదే తప్పని తేలుద్దిగా మేస్టారూ. దానికంటే ఆవిణ్ణి అనుమానించడమే సుఖం" అంది.

ధారావాహిక రచయితలకు అందని ప్రేరణ ఆవిడకు అందింది. నిజానికి అందలేదనడం కంటే, అందనివ్వలేదనడం సమంజసం. అనుమానం కార్తీక్ స్వభావంలోంచి వచ్చిందంటే అతను దోషి అవుతాడు. అతను దోషి అయితే చివరకు దీప అతని ఇంటికి తిరిగి రావడం శుభం కాకుండా పోతుంది. అందుకే దోషమంతా మోనిత నెత్తిన పెట్టారు. కార్తీక్ మోసపోయిన అమాయకుడుగా, మనం జాలిపడవలసినవాడుగా మిగిలాడు. ఇక మోనితకు ప్రేరణ ఏమిటయ్యా అంటే పిచ్చి ప్రేమ! చదువుకుని, సొంతంగా సంపాదించుకుంటూ, తనకు కావలసింది నోరు తెరిచి అడిగే స్త్రీని దుర్మార్గురాలిగా చూపించడానికి మన ధారావాహికలకు వేరే కారణం అక్కరలేదు. కుటుంబంలో ఉన్న వైరుధ్యాన్ని కుటుంబం బయటి ఆడదాని మీదికి నెట్టేస్తే కుటుంబం పవిత్రంగా ఉండిపోతుంది. ఈ ఏర్పాటు వెనుక ఉన్న భావజాలం కొత్తదేమీ కాదు.

రంగు విషయమూ ఇంతే. సౌందర్య మొదట్లో కోడలి నలుపును అసహ్యించుకుంటుంది. ఆ అసహ్యం ఎక్కడ పుట్టింది? పెళ్ళిళ్ళ బజారులో రంగుకు కట్నంతోనూ కులంతోనూ ఉన్న లంకె మనకు తెలిసిందే. కథ మాత్రం అటువైపు వెళ్ళదు. సౌందర్య మంచి అత్తగారైపోగానే రంగు సమస్య మాయమై, శీలం సమస్య మాత్రం మిగులుతుంది. (నల్లని దీపగా వేసిన నటికి నల్లరంగు పూయవలసి వచ్చిందన్నది దీనికి తగిన వ్యాఖ్యే.) దీప వంటతో బతకడం ఈ కథలో నిజంగా బలమైన భాగం. జనం ఆమెను 'వంటలక్క' అని పిలుచుకున్నది ఆ శ్రమను చూసే. తన కాళ్ళ మీద నిలబడ్డ ఆ మనిషికి భర్త నమ్మకం తప్ప వేరే గమ్యం లేకుండా చేయడం దగ్గర నాకు కోపం వస్తుంది.

అంగడి సరుకును ఇంతగా విమర్శించి మనల్ని మనం వదిలేయడం న్యాయం కాదు. 1984లో దూరదర్శన్‌లో 'హమ్ లోగ్' మొదలైనప్పుడు దాని లక్ష్యం సందేశమే. కుటుంబ నియంత్రణ ప్రచారం మరీ ముదిరి మొదటి 13 భాగాలు జనానికి ఎక్కలేదు. మనోహర్ శ్యామ్ జోషీ ప్రచారం పాలు తగ్గించి మనుషులను ముందుకు తెచ్చాకే అది దేశమంతా ఇంటి కథ అయింది. అప్పుడు కూడా, అణిగిమణిగి ఉండడం వల్ల వచ్చే నష్టానికి ఉదాహరణగా కల్పించిన తల్లి భగవంతిని ఎందరో ప్రేక్షకులు ఆదర్శ స్త్రీగా తీసుకున్నారు. ఆమె ఎందుకు సహిస్తున్నదో రచయితకు ఒక లెక్క, చూసేవాళ్ళకు ఇంకో లెక్క. ఓర్పును పూజించే ఇళ్ళలో ఓర్పును చూపించి వదిలేస్తే అది పూజ కిందికే వస్తుంది.

మన కథలకూ ఈ జబ్బు ఉంది. చివరి పేజీలో కూలీ పిడికిలి బిగిస్తాడు. రెండు పేజీల ముందే అతను ఆ కామందు దగ్గరే కూతురి పెళ్ళికి అప్పు తెచ్చుకున్నాడు. నోటు కామందు పెట్టెలో ఉంది, వడ్డీ నడుస్తోంది, ఇంట్లో భార్య వద్దంటోంది. వీటన్నిటినీ దాటి అతని చెయ్యి ఎలా లేచిందో రచయిత చెప్పడు. కథ ముగియాలి కనుక లేచింది. అక్కడ కథ సాగాలని పరీక్ష చేయించరు, ఇక్కడ కథ ముగియాలని పిడికిలి బిగింపిస్తారు. ఇలాంటి కథ ఒకటి, మన వాళ్ళు రాసిందే, బాగుందని నేనే ఒకప్పుడు సమీక్షలో రాశాను. మొన్న మళ్ళీ తీసి వంట ఆవిడకు చదివి వినిపించాను. ఓపిగ్గా చివరిదాకా విని, "మరి అప్పు సంగతేమైంది మేస్టారూ?" అంది.