ముందు తాపీ, తర్వాతే బర్నర్

మా మాచవరం చుట్టుపక్కల ఎవరైనా బేకరీ పెడుతున్నారంటే మొదట కొనేది ఓవెన్, ఆ తర్వాత రాయించేది బోర్డు. ఆ ఓవెన్‌ని ఎక్కడ నిలబెట్టాలన్న ఆలోచన అన్నిటికన్నా చివర వస్తుంది. డీజిల్ బర్నర్లు బిగించడం నా పని. నాకు ఫోన్ వచ్చేసరికి ఓవెన్ లారీ దిగిపోయి ఉంటుంది. "అన్నా, ఒక పూట వచ్చి బర్నర్ పెట్టిపో" అంటారు. ఒక పూట పనే, అబద్ధమేం కాదు. నాలుగు బోల్టులు, ఒక ఆయిల్ లైను, కరెంటు కనెక్షను. కానీ అంతకుముందు తాపీ మేస్త్రీ, వెల్డరు, ఎలక్ట్రీషియన్ చేసి ఉంచాల్సిన పని వారానికి తక్కువుండదు. నేను చూసినంతలో బర్నర్ ప్రమాదాలు ఎక్కువగా బర్నర్‌లో పుట్టవు. దాన్ని పెట్టిన గదిలో పుడతాయి.

అన్నిటికన్నా ముందు గాలి. బర్నర్ తాగేది డీజిల్ ఒక్కటే అనుకుంటారు జనం. లీటరు డీజిల్ పూర్తిగా మండటానికి పది పదకొండు ఘనమీటర్ల గాలి కావాలి. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో పట్టేది 28 ఘనమీటర్లు. గంటకి నాలుగు లీటర్లు తాగే ఓవెన్ అయితే ఆ గంటలోనే గదికి ఒకటిన్నర రెట్ల గాలి లాగేస్తుంది. మనవాళ్లేమో తెల్లవారుజామున బ్రెడ్డు కాల్చేటప్పుడు కుక్కలొస్తాయని షట్టరు దించేస్తారు. చాలని గాలితో మంట పచ్చగా, బద్ధకంగా మండి మసి కక్కుతుంది. దాంతోపాటే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, రంగుండదు. ఇక గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా తిప్పారా, చిమ్నీలో పైకి పోవాల్సిన పొగ వెనక్కి దిగి గదిలోకే వస్తుంది. అందుకే గోడ కింది భాగంలో, ఎవరూ మూయలేని కన్నం ఒకటి పెట్టించి జాలీ బిగించమంటాను. "ఎలకలొస్తయ్ అన్నా" అన్నది మామూలుగా వచ్చే జవాబు. జాలీ ఉన్నది ఎలకల కోసమే కదా!

మైదా బస్తాలు కూడా ఆ గదిలో ఉండకూడదు. బర్నర్ ఫ్యాను గాలితోపాటు పిండి దుమ్మునీ లాగుతుంది. అది ఫ్యాను రెక్కలకి పట్టి, గాలి తగ్గి, మళ్లీ మసి కథే. ఖాళీ గోతాలు ఓవెన్ వెనక కుక్కే అలవాటు గురించి వేరే చెప్పక్కర్లేదు.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది, నాపరాయి. పల్నాట్లో చేతికందే రాయి అదే కాబట్టి అరుగు నుంచి పైకప్పు దాకా అదే వేస్తాం. ఒక బేకరీలో ఓవెన్ కింద, బర్నర్ ముందు నున్నగా నాపరాళ్లు పరిచారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కొన్నాళ్లకే ఒక బండ టప్పుమని పేలి అరచేయంత పెచ్చు లేచింది. నాపరాయి అంటే సున్నపురాయే. దాన్ని తొమ్మిది వందల డిగ్రీలకి అటూఇటూగా కాలిస్తే ఏమైద్దో పక్కనున్న పిడుగురాళ్ల బట్టీల్లో రోజూ చూస్తూనే ఉన్నాం. అంత వేడి దాకా పోనక్కర్లేదు. ఒక వైపే కాలి, లోపలి తేమ ఆవిరైతే చాలు, పగులుతుంది. ఓవెన్ కింద కాంక్రీటు దిమ్మ, మంట తగిలే చోట ఫైర్ బ్రిక్. నాపరాయి గడప దగ్గర ఆగిపోవాలి. చిమ్నీ కప్పులోంచి పైకి పోయే చోట కూడా బండకి, గొట్టానికి మధ్య ఖాళీ వదిలి, అందులో వేడిని ఆపే ఉన్ని కూరాలి. పైన రేకులున్నా ఇదే పద్ధతి. పూరిపాక అయితే నేను పని ఒప్పుకోను.

ఇక డీజిల్. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం ఇది బి తరగతి సరుకు. మొత్తం 2500 లీటర్లు దాటకుండా, ఒక్కో పాత్రలో 1000 లీటర్లు మించకుండా ఉంటే నిల్వకి లైసెన్సు అక్కర్లేదు. ఒక డ్రమ్ముతో నడిచే బేకరీ ఆ లెక్కకి ఎంతో కిందనే ఉంటుంది. కానీ మన ప్రమాణాల్లో డీజిల్ ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు చూపిస్తే పైన ఆవిరి భగ్గుమనే వేడి, కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు. రెంటచింతల ఎండల గురించి తెలిసిన మనకి మే నెలలో నీడలో ఎంత ఉంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. అమెరికాలో బోస్టన్ వైపు ఇళ్లు వెచ్చగా ఉండటానికి 275 గ్యాలన్ల ఆయిల్ ట్యాంకు బేస్‌మెంట్లోనే పెట్టుకుంటారు. అక్కడి నేలమాళిగ చల్లన, పైగా ఎన్ఎఫ్‌పీఏ 31 అని దానికో నిబంధనల పుస్తకం కూడా ఉంది. వీడియోలో అది చూసి మాచవరంలో ఓవెన్ గదిలోనే డ్రమ్ము పెడతానంటే కుదరదు. డ్రమ్ము బయటే ఉండాలి, పడమటెండ తగలని పక్కన, పైన రేకు వేసి, చిమ్నీకి దూరంగా. చుట్టూ ఇటుకతో తొట్టి కట్టి సిమెంటు పూయాలి. డ్రమ్ము మొత్తం కారినా అందులోనే పట్టాలి. లైనుకి రాగి గొట్టం గానీ నల్ల ఇనుప పైపు గానీ వాడాలి. జీఐ పైపు వద్దు, దాని జింకు పూతకీ డీజిల్‌కీ పడదు. నీళ్ల పని చేసి మిగిలిన పీవీసీ ముక్కలు అసలే వద్దు.

కరెంటు విషయంలో నా పట్టుదల ఒక్కటే. మెయిన్ స్విచ్ ఓవెన్ వెనక పెట్టొద్దు, బయటికి పరిగెత్తే దారిలో పెట్టండి. ఆయిల్‌కి కట్‌ఆఫ్ వాల్వు గది బయట. ఇసుక బకెట్లు కూడా అక్కడే. మండే నూనె మీద నీళ్లు పోస్తే మంట ఎగిరి పడుద్దని కుర్రాళ్లకి ముందే చెప్పాలి.

రీసెట్ బటన్ సంగతి స్థలానికి సంబంధించింది కాదనుకుంటారు. అదీ స్థలం సంగతే. మంట కనిపించకపోతే బర్నర్ తనంతట తానే ఆగిపోయి ఎర్ర లైటు వెలిగిస్తుంది. మాస్టరు రీసెట్ నొక్కుతాడు. మళ్లీ ఆగుతుంది, మళ్లీ నొక్కుతాడు. నొక్కిన ప్రతిసారీ లోపల కాస్త డీజిల్ చేరుతుంది. తీరా అంటుకున్నప్పుడు ఒకేసారి ధడేలున పేలి ఓవెన్ తలుపు ఊడొస్తుంది. మాస్టరు ఊరికే ఎందుకు నొక్కుతాడు? లోపల ఏం జరుగుతోందో కనపడకే. బర్నర్‌ని గోడకి ఆనించి, మనిషి దూరలేని సందులో పెడితే మంట చూసే అద్దం దగ్గరికి ఎవరూ పోలేరు. వెనక రెండున్నర, మూడడుగులు వదలమని నేను గోల పెట్టేది అందుకే. ఓనరుకి అది పోగొట్టుకున్న జాగాలా అనిపిస్తుంది. "ఆ మూడడుగుల్లో ఇంకో ర్యాక్ పట్టిద్ది కదన్నా" అంటాడు. పట్టిద్ది. అయినా వదలాల్సిందే.

ఆఖరి పేచీ ముహూర్తం దగ్గర. బర్నర్‌కి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, సరిగ్గా ఆ నిమిషానికే మొదటి మంట వెలగాలంటారు. మొదటి మంట అంటే లైన్లో గాలి పోవాలి, జాయింట్లు ఎక్కడ చెమ్మగిల్లుతున్నాయో చూడాలి, చిమ్నీ లాగుతుందో లేదో చూడాలి. బంధువులందరి మధ్య, కర్పూరం వెలుగుతుండగా ఆ పని చెయ్యను. ముందురోజు సాయంత్రమే ఖాళీ ఓవెన్‌తో వెలిగించి, చల్లార్చి, జాయింట్లన్నీ గుడ్డతో తుడిచి చూసుకుంటాను. మర్నాడు ముహూర్తానికి స్విచ్ ఓనరమ్మ చేత వేయిస్తాం. హారతి మాత్రం కౌంటరు దగ్గర.