ఇంజెక్టర్ మీద నింద

పొక్లెయిన్ ఇంజిన్ మిస్ కొడుతోందంటే పాత మేస్త్రీలు ముందు స్పానరు అందుకునేవారు. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగానే ఒక్కో నాజిల్ పైపు నట్టును కాస్త వదులు చేసేవారు. శబ్దం కుంగితే ఆ సిలిండర్ బాగానే కొడుతున్నట్టు. నట్టు వదిలినా ఇంజిన్‌కు ఏమీ పట్టనట్టుంటే దొంగ అక్కడే ఉన్నట్టు. మీటరు లేదు, లాప్‌టాప్ లేదు. చెవి ఒక్కటే సాక్ష్యం.

ఆ స్పానరును ఇప్పుడు పక్కన పెట్టాల్సిందే. అన్ని ఇంజెక్టర్లకూ ఒకే ఉమ్మడి పైపు నుంచి డీజిల్ అందే కామన్ రైల్ ఇంజిన్‌లో ఆ డీజిల్ 1,600 బార్, కొన్నింటిలో 2,000 బార్ దాటిన ఒత్తిడితో ఉంటుంది. లారీ టైరులో గాలి 8 బార్‌కు అటూ ఇటూ ఉంటుందని గుర్తుంచుకుంటే ఇదెంతో తెలుస్తుంది. నట్టు సందులోంచి వచ్చే సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది గానీ వెంటనే ఆసుపత్రికి పోకపోతే చెయ్యి పోగొట్టుకునే ప్రమాదముంది. 2021 ఏప్రిల్‌లో చక్రాల నిర్మాణ యంత్రాలకు కొత్త పొగ నిబంధనలు వచ్చాక, ఊళ్లో కాలువలు తవ్వే బ్యాక్‌హో దాకా ఈ కామన్ రైల్ ఇంజిన్లు వచ్చేశాయి.

స్పానరు పోయినా ఆ పద్ధతి పోలేదు. దాన్నే ఇప్పుడు కటౌట్ టెస్ట్ అంటున్నారు. లాప్‌టాప్‌లో మీట నొక్కితే ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు, అంటే ఈసీఎం, ఒక్కో ఇంజెక్టర్‌కు కరెంటు ఆపుతుంది. ఇంజిన్ వేగం నిలపడానికి మిగతా సిలిండర్లకు ఎంత డీజిల్ పెంచాల్సి వచ్చిందో తెర మీద చూపిస్తుంది. ఏది ఆపినప్పుడు లెక్క మారలేదో ఆ సిలిండర్ పని చెయ్యడం లేదు. ఎందుకు చెయ్యడం లేదన్నది మాత్రం ఈ పరీక్ష చెప్పదు. నాజిల్ ఇరుక్కుపోయినా, వైరు తెగినా జవాబు ఒకటే.

అసలు తగువు తెర మీద పడే ఫాల్ట్ కోడ్ దగ్గర మొదలవుతుంది. చాలా కంపెనీల యంత్రాల్లో 651 నుంచి 656 దాకా నంబర్లు ఆరు సిలిండర్ల ఇంజెక్టర్లవి. వెనక 5 వస్తే కరెంటు ఉండాల్సిన దానికన్నా తక్కువ పోతోందని, 6 వస్తే ఎక్కువ పోతోందని అర్థం. 653, 5 అని పడగానే ఓనరు ‘మూడో ఇంజెక్టర్ పోయింది’ అని పార్టు కోసం ఫోన్ చేస్తాడు. కోడ్ ఆ మాట అనలేదు. మూడో ఇంజెక్టర్ సర్క్యూట్‌లో కరెంటు తగ్గిందని మాత్రమే అంది. ఆ సర్క్యూట్‌లో ఈసీఎం పిన్ను ఉంది, హార్నెస్ ఉంది, ట్యాపెట్ కవర్ దాటే చోట కప్లర్ ఉంది, కవర్ లోపల వేడి నూనెలో నానే వైరు ఉంది. ఇంజెక్టర్ కాయిల్ వాటన్నిటి చివర ఉంది. ఇన్నింటిలో ఖరీదైనది ఇంజెక్టర్ కాబట్టి నిందంతా దాని మీదే పడుతుంది.

ముందు చూడాల్సింది కోడ్ ఒంటరిగా వచ్చిందా, జంటగా వచ్చిందా అని. కొన్ని ఇంజిన్లలో 1-2, 3-4, 5-6 సిలిండర్లకు సప్లై వైరు ఉమ్మడి. మరికొన్నింటిలో మూడేసి సిలిండర్లకు ఒకటి. మూడుకూ నాలుగుకూ కలిసి కోడ్ వస్తే రెండు ఇంజెక్టర్లూ ఒకే పూట చచ్చిపోయాయనుకోవడం కన్నా ఉమ్మడి వైరును అనుమానించడం మేలు. వీధిలో రెండిళ్లకు ఒకేసారి కరెంటు పోతే బల్బులు మారుస్తామా, స్తంభం వైపు చూస్తామా?

తర్వాత మల్టీమీటర్. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కామన్ రైల్ సోలెనాయిడ్ ఇంజెక్టర్లలో చాలావాటి కాయిల్ రెసిస్టెన్స్ ఒక ఓము కూడా ఉండదు. మీటరు తీగలకే 0.2, 0.3 ఓములు ఉంటాయి. తీగల మొనలు రెండూ కలిపి చూసి, వచ్చిన అంకె తీసెయ్యకపోతే కొలిచింది కాయిల్‌నో తీగలనో తెలియదు. అందుకే నేను అంకెను కాదు, అంకెల మధ్య పోలికను నమ్మమంటాను. ఆరింటినీ అదే తీగతో, అదే వేడి మీద కొలిస్తే ఐదు ఒక దారిలో ఉండి ఒకటి పక్కకు పోతుంది. పీజో ఇంజెక్టర్లకు ఈ లెక్క పనికిరాదు. వాటి ఓములు లక్షల్లో ఉంటాయి.

కాయిల్ నుంచి ఇంజెక్టర్ బాడీకి ఎర్త్ తగులుతోందేమో కూడా చూడాలి. ఈ కొలతలన్నీ ఇంజిన్ ఆపి, కప్లర్ విప్పాకే. ఇంజెక్టర్ తెరవడానికి ఈసీఎం 12 లేదా 24 వోల్టుల బ్యాటరీ కరెంటును పెంచి, కొన్ని ఇంజిన్లలో 100 వోల్టులు దాటించి పంపుతుంది. నడిచే ఇంజిన్ మీద ఇంజెక్టర్ వైరుకు సూది గుచ్చి చూడటం ఒంటికీ మంచిది కాదు, వైరుకూ మంచిది కాదు. ఆ చిల్లులోంచి తేమ చేరి కొన్నాళ్లకు రాగి పచ్చబారుతుంది.

మహా మొండిది వచ్చిపోయే ఫాల్ట్. పొద్దున్న ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అన్ని కొలతలూ సరిగ్గా వస్తాయి. చీమకుర్తి లాంటి గ్రానైట్ క్వారీలో ఎండ నెత్తికెక్కి, బకెట్ రాతి మీద పడి బండంతా అదిరేసరికి మిస్సింగ్ మొదలవుతుంది. అలాంటప్పుడు ఇంజిన్ వేడెక్కాక హార్నెస్‌ను క్లాంపు క్లాంపుకూ కదిలిస్తూ, అవతలి మనిషిని తెర చూడమనాలి. బ్రాకెట్ అంచుకు ఒరిసి తోలు లేచిన వైరు, పిన్ను సడలిన కప్లర్, ప్రెషర్ వాటర్‌తో కడిగినప్పుడు లోపలికి చేరిన నీళ్లు ఇలాగే బయటపడతాయి. ఈ పనికి గంటలు పడతాయి. పార్టుకు వేలకు వేలు పోసే ఓనరు ఈ గంటలకు కూలి ఇవ్వడానికి మొహం చిట్లిస్తాడు. ఆ కూలే అతని వేలు మిగిల్చిందని ఎవరు చెప్పినా చెవికెక్కదు.

వైరింగ్ శుభ్రంగా తేలితేనే ఇంజెక్టర్ విప్పాలి. మూడోదాన్ని ఐదులో, ఐదోదాన్ని మూడులో పెట్టి చూస్తే కోడ్ ఎటు పోయిందో తెలుస్తుంది. కోడ్ ఐదుకు వెళ్తే ఇంజెక్టర్‌దే తప్పు, మూడులోనే ఉంటే దారిది. ఇంజెక్టర్లనే మార్చాలి, కప్లర్లను కాదు. కప్లర్లు మార్చి స్టార్ట్ చేస్తే డీజిల్ తప్పు సమయంలో పడుతుంది. చాలా ఇంజెక్టర్ల మీద దాని డీజిల్ కొలత తేడాను చెప్పే ట్రిమ్ కోడ్ చెక్కి ఉంటుంది. కొత్తది వేసినా, చోటు మార్చినా ఆ ట్రిమ్ కోడ్‌ను ఈసీఎంలో ఎక్కించాలి. లేకపోతే బాగు చేసిన ఇంజిన్ కూడా పొగ కక్కుతుంది. చివరగా పాత ఫాల్ట్ కోడ్లు చెరిపి, బండిని ఖాళీగా కాక లోడ్ మీద, ఫాల్ట్ వచ్చిన ఆ వేడి దాకా నడిపించాలి. అప్పుడూ 653 రాకపోతేనే బిల్లు రాయాలి.