వైఫల్యం కనిపించని విజయగాథ: యల్లాప్రగడ సుబ్బారావు జీవితచిత్రణ – విమర్శ

ఆత్రేయపురం, భీమవరం, రాజమహేంద్రవరాలతో కూడిన గోదావరి డెల్టా తనవాడిగా చెప్పుకొనే శాస్త్రవేత్తలలో యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) అగ్రగణ్యుడు. ఆయనను పాఠకులకు పరిచయం చేసే తెలుగు వ్యాసాలు సాధారణంగా ఒకే చట్రంలో నడుస్తాయి: భీమవరంలో జననం, పేదరికం, స్ప్రూ వ్యాధితో సోదరుల మరణం, 1923లో అమెరికా ప్రయాణం, ఔషధాల జాబితా, దక్కని గుర్తింపు. కృషికీ ఫలితానికీ నడుమ ఉన్న ముఖ్యమైన దశ ఈ చట్రంలో ఇమడదు. అది, ముగిసిన అధ్యయనం నుండి తరువాతి అధ్యయనం నేర్చుకొన్న దశ.

ఇందుకు ఫోలిక్ ఆమ్ల పరిశోధన మంచి నిదర్శనం. ఎలుకల కణితులపై వెలువడిన ఫలితాలు ఆశ కల్పించడంతో, సుబ్బారావు నేతృత్వంలోని లెడర్లీ ప్రయోగశాల తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల సంయోగాలను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ బృందం 90 మంది క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూసింది. ఆ నివేదిక 1947 డిసెంబరులో వెలువడింది. ఈ సంయోగాలు ఇచ్చిన ల్యుకేమియా పిల్లల ఎముక మజ్జలో వ్యాధి వేగం పుంజుకొన్నట్లు ఫార్బర్ గమనించాడు. దానితో ప్రశ్న తిరగబడింది. ఫోలిక్ ఆమ్లం వ్యాధిని పెంచుతున్నట్లయితే, దానికి అడ్డుపడే పదార్థం వ్యాధిని తగ్గించగలదా? లెడర్లీ బృందం అందించిన అమైనాప్టెరిన్‌తో 16 మంది పిల్లలకు చికిత్స చేయగా, 10 మందిలో ఉపశమనం కనిపించింది. 1948 జూన్‌లో ప్రకటించిన ఆ ఉపశమనం తాత్కాలికమైనదే. దానికి దగ్గరి సంబంధం ఉన్న మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

"సుబ్బారావు క్యాన్సర్ మందు కనిపెట్టాడు" అనే ఏకవాక్యం ఈ క్రమాన్నంతా మింగివేస్తుంది. బృందకృషి ఏకకర్తృకమవుతుంది, పరిశోధన తపస్సుగానూ, ఔషధం వరంగానూ మారుతుంది. అంతకన్నా తీవ్రమైన లోపం మరొకటి ఉన్నది. మొదటి పరీక్షను కథనం నుండి తొలగించినప్పుడు, అందులో పాల్గొన్న పిల్లలు కూడా చరిత్ర నుండి తొలగిపోతారు. తరువాతి చికిత్సకు దారి చూపినది వారి శరీరాలలో కనిపించిన ప్రతికూల ఫలితమే.

నేటి పరిశోధనా నీతి ఈ విషయాన్ని నియమంగా గుర్తించింది. ప్రతికూల ఫలితాలను, ఎటూ తేలని ఫలితాలను కూడా వెల్లడించాలని హెల్సింకీ ప్రకటన కోరుతున్నది. భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో ప్రారంభమైంది. 2009 జూన్ 15 నుండి ఔషధ పరీక్షలను ముందుగానే నమోదు చేయడం తప్పనిసరి అయింది. పరీక్ష మొదలు కాకముందే నమోదైతే, ఫలితం నచ్చలేదని దానిని మరుగుపరచడం కష్టమవుతుంది.

అయితే వైఫల్యాన్ని విజయానికి సోపానంగా మాత్రమే చిత్రించడం కూడా మరొక అతిశయోక్తి అవుతుంది. మజ్జలో కనిపించిన మార్పు ఒక సూచన మాత్రమే. దాని విలువ తేలినది తరువాతి పరీక్షలోనే. కాబట్టి శాస్త్రవేత్త జీవితచరిత్రను పరిశీలించే విమర్శకులు కనుగొన్న ఔషధాలను లెక్కించడంతో ఆగరాదు. ముందటి పరీక్ష ఏమి చెప్పింది, దానిని ఎవరు విన్నారు, అందుకు మూల్యం ఎవరు చెల్లించారు అనే మూడు ప్రశ్నలకు ఆ రచన ఇచ్చే సమాధానాన్ని పరిశీలించవలసి ఉన్నది.