కార్తె చూసి మొక్క

బెంగళూరు హైవే మీద ఆరాంఘర్ చౌరస్తా నుంచి శంషాబాద్ దాకా ఏ నర్సరీకి వెళ్లినా, ఏ నెలలో వెళ్లినా పచ్చగానే కనిపిస్తుంది. షేడ్‌నెట్ నీడలో పెట్టి రెండు పూటలా తడుపుతుంటే ఏ మొక్కయినా నవనవలాడుతుంది మరి. వాటిలో చాలా వరకు కడియం నుంచి లారీల్లో దిగినవే. గోదావరి ఒండ్రుమట్టిలో, కోస్తా ఉక్కలో పెరిగిన ఎరికా పామ్‌ను నడివేసవిలో తెచ్చి గగన్‌పహాడ్ మొరంలో పెడితే ఆకుల కొసలు మాడక ఏమవుతాయి? వేళ్ల చుట్టూ ఉన్న బంకమట్టి ముద్ద ఎండి గట్టిపడుతుంది. పోసిన నీళ్లు దాని పక్క నుంచి జారి మొరంలోకి పోతాయి. నీళ్లు చాలలేదనుకుని మనం ఇంకో బకెట్ పోస్తాం. కడియం రైతును అనడానికేమీ లేదు, ఆయన తన నేలకు తగ్గట్టు పెంచాడు. మన నేల సంగతి చూసుకోవాల్సింది మనం.

ఇక్కడ కొంచెం తవ్వితే మొరం, ఆ కింద గ్రానైటు. పైనున్న కాస్త ఎర్రమట్టిని ఇల్లు కట్టేటప్పుడు జేసీబీ ఎత్తుకుపోతుంది. ఆ చోట ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు మిగులుతాయి. ఏడాది వాన దాదాపు 800 మిల్లీమీటర్లు. అందులో ముప్పావు వంతు జూన్, సెప్టెంబర్ల మధ్యే కురిసి వెళ్లిపోతుంది. వర్జీనియాలోని మా బంధువులకు వెయ్యి మిల్లీమీటర్ల పైనే పడుతుంది, అదీ పన్నెండు నెలలూ సర్దుకుని. వాళ్ల పెరట్లో పచ్చిక దానంతట అదే నిలుస్తుంది. వాళ్ల బాధ మంచుతో. కరివేపాకు కుండీని చలికాలమంతా ఇంట్లో దాచుకోవాలి. ఆఖరి మంచు ఎప్పుడో లెక్క చూసుకుని గానీ వాళ్లు బయట విత్తనం వేయరు. మనకు ఆ లెక్క కార్తెల్లో ఉంది.

మే 25 ప్రాంతంలో రోహిణి వస్తుంది. గోతులు తవ్వించాల్సింది అప్పుడే. రోళ్లు పగిలే ఎండ అంటారే, గోతిలోని పురుగుల గుడ్లను, తెగుళ్లను చాలా వరకు అదే మాడ్చేస్తుంది. పండ్ల మొక్కకు రెండడుగులకు తక్కువ కాకూడదు, మూడైతే మరీ మంచిది. ‘‘గిది మొరం సార్, గడ్డపారకు లొంగది. అడుగు సాలదా?’’ అంటాడు తవ్వే మనిషి. చాలదు. కూలి కాస్త ఎక్కువిచ్చి తవ్వించాలి. అక్కడ బేరమాడితే ఎన్నేళ్లయినా ఆ చెట్టు కుండీలో మొక్కలాగే ఉండిపోతుంది. పైమట్టి, మాగిన పశువుల ఎరువు, దొరికితే చెరువు పూడిక మట్టి కలిపి గొయ్యి నింపాలి. మృగశిరలో రెండు గట్టి వానలు పడి మట్టి కుంగాక నాటాలి. ఆరుద్ర దాకా ఆగినా పోయేదేమీ లేదు.

పెద్ద చెట్లు పడమర, నైరుతి వైపు ఉండాలని వాస్తువాళ్లు చెబుతారు. నాకు వాస్తు మీద గురి లేదు గానీ, మధ్యాహ్నం మూడింటి ఎండ కొట్టేది ఆ గోడకే కాబట్టి ఈ ఒక్క మాట ఒప్పుకుంటాను. జాగా ఉంటే వేప, కానుగ. 200 గజాల ఇల్లయితే ఉసిరి, మునగ, సీతాఫలం. సీతాఫలానికి రాళ్ల నేలంటే బెదురు లేదు. ఇదే బెంగళూరు హైవే మీద ముందుకెళ్తే తగిలే బాలానగర్ పేరు మీదే దాని మేలురకం ఉంది. పూలకు నందివర్ధనం, పారిజాతం, మల్లె. గేటు పక్కన తంగేడు. రాష్ట్ర పుష్పమని పేరే గానీ నర్సరీలో అడిగితే మనల్ని వింతగా చూస్తారు. ఎండిన కాయల నుంచి గింజలు తెచ్చుకుని, వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి వేసుకోవడమే. ఒకసారి నిలదొక్కుకుంటే బతుకమ్మకు తంగేడు కొనే పనుండదు.

లాన్ మాత్రం వద్దు. ఎయిర్‌పోర్టు రోడ్డు పచ్చిక చూసి మనసు పడేవాళ్లున్నారు. వాళ్లకు శుద్ధి చేసిన వాడుక నీళ్లున్నాయి, మనకున్నది బోరు. వంద చదరపు అడుగుల పచ్చిక మే నెలలో రోజుకు యాభై లీటర్ల దాకా తాగుతుంది. ఆ బోరుకు నీళ్లు అందాలంటే వాన నేలలోకి దిగాలి. దిగకపోతే వరదవుతుంది.

2020 అక్టోబర్ 13 రాత్రి గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి ఈ హైవే మీదికే వరద వచ్చింది, ప్రాణాలు పోయాయి. దానికి మన ముంగిళ్లే కారణమనను, చెరువుల కథ వేరే, చాలా పెద్దది. కానీ గేటు నుంచి గుమ్మం దాకా టైల్స్ పరిచిన ఇంట్లో చుక్క నీరు కూడా నేలలోకి దిగదు. వంద చదరపు మీటర్ల డాబా మీద ఏడాదిలో పడేది 80 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు! అదంతా మోరీలోకి వదిలి, వేసవిలో ట్యాంకర్‌కు ఫోన్ చేస్తాం.

కాబట్టి ముందు ముంగిట్లో నాలుగు వరసల టైల్స్ ఎత్తించండి. అక్కడ ఇంకుడు గుంత తీయించి, డాబా గొట్టాన్ని అందులోకి మళ్లించండి. మొక్కల సంగతి తర్వాత. ఈ పని మాత్రం మృగశిర లోపు అయిపోవాలి.